ఖాళీ బండీ డీజిల్ తాగుతుంది

కదిరిలో కార్ల ఫ్యాక్టరీ లేదు. నరసింహస్వామి గుడి ఉంది, మల్లెపూల అంగళ్లున్నాయి, శెనక్కాయల వ్యాపారం ఉంది, లారీలున్నాయి. అయినా 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోవడం, 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచి నుంచి సెల్టోస్ కార్లు బయటికి రావడం జరిగాక మా వైపు పిల్లోళ్లకు కొత్తరకం పని దొరికింది. సీటు ఫోములు, వైరింగు, రబ్బరు బుష్షులు, బ్రాకెట్లు, బోల్టులు చేసే చోటి నుంచి బిగించే చోటికి చేర్చే పని. ఈమధ్య వాళ్లను సరుకు తీసుకునేవాళ్లు కిరాయి ఎంతని అడగడంతో ఆగడం లేదు. టన్ను సరుకు చేర్చడానికి మీ బండి ఎంత కార్బన్ వదులుతుందని కూడా అడుగుతున్నారు. ఆ ప్రశ్న పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను. బెంగళూరు పీణ్యలో ఒక మెషిన్ షాపు స్టోర్సులో చేరి, హిందూపురం వైపు విడిభాగాల కంపెనీలో డిస్పాచ్ చూసి రిటైరైనవాణ్ణి. చలాన్లు, కాటా చీటీలు, డీజిల్ బిల్లులు, ఇవే నా చదువు.

1. దారి గీసేది డ్రైవరు కాదు, ఆర్డరు రాసేవాడు.

కార్బన్ తగ్గించాలనగానే అందరి కళ్లూ బండి మీదికి పోతాయి. కొత్త ఇంజను, బ్యాటరీ బండి, ఫోన్లో మ్యాపు. నేను మాత్రం ముందు పర్చేజ్ టేబుల్ చూడమంటాను. పొద్దున పదికి రెండు క్రేట్లు అడిగి, మధ్యాహ్నం ఫోన్ చేసి ఇంకో మూడు కావాలని, సాయంత్రం 'లైను ఆగిపోతుంది సార్' అని మరొకటి పంపించమనే మనిషి అక్కడ కూర్చున్నంత కాలం, మీ దగ్గర ఎంత మంచి మ్యాపున్నా మూడు బండ్లు పోవాల్సిందే. మూడింటిలోనూ సరుకు కంటే గాలే ఎక్కువ.

దీనికి మందు గడువు పెట్టడం. రేపటి సరుకు ఈరోజు సాయంత్రం నాలుగు లోపల చెప్పాలి, ఆ తర్వాత చెప్పింది ఎల్లుండి బండిలో వస్తుంది. మొదట గొడవ చేస్తారు. రెండు నెలలకు అలవాటు పడతారు. ఎందుకంటే వాళ్ల 'అర్జెంటు'లో సగం నిజంగా అర్జెంటు కాదు, నిన్న చూసుకోవాల్సింది ఈరోజు గుర్తుకు రావడం.

అన్ని సరుకులకూ ఒకే రూలు పెట్టలేమన్నది కూడా నిజమే. సీట్లు, బంపర్లు కారు రంగును బట్టి, మోడల్‌ను బట్టి వరసగా రావాలి. ముందు తెల్ల కారు లైనెక్కితే ముందు తెల్ల బంపరే చేరాలి. అలాంటివి గంటగంటకూ పోవాల్సిందే. అందుకే వాటిని చేసేవాళ్లు ఫ్యాక్టరీకి ఆనుకుని షెడ్లు వేసుకుంటారు. బోల్టులకు, బుష్షులకు ఆ తొందర అక్కర్లేదు. ఒక రాక్ నిండా పెట్టుకుంటే వారం వస్తాయి. బోల్టులకు సీట్ల మర్యాదలు చేసి డీజిల్ తగలెయ్యొద్దు.

2. తిరుగు ప్రయాణాన్ని కూడా సరుకు లెక్కలోనే రాయండి.

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు బరువే కిలో లేదు కదా, అంత పొగ ఎట్లా వస్తుందని ఒక పిల్లోడు అడిగాడు. మంచి ప్రశ్నే. డీజిల్‌లోని కార్బన్‌కు గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, మిగతా బరువు దానిది.

ఇప్పుడొక లెక్క వేద్దాం. 120 కిలోమీటర్ల దూరం. బండి లోడుతో లీటరుకు 6 కిలోమీటర్లు, ఖాళీగా 8 ఇస్తుందనుకోండి. నాలుగు టన్నులు దించి ఖాళీగా తిరిగి వస్తే పోను 20 లీటర్లు, రాను 15. మొత్తం 35 లీటర్లు, దాదాపు 94 కిలోల కార్బన్ డయాక్సైడ్. టన్నుకు 23 కిలోల పైచిలుకు. అదే బండి తిరుగులో మూడు టన్నులు వేసుకుని వచ్చిందనుకోండి. రాను కూడా 20 లీటర్లు పడుతుంది. మొత్తం 40 లీటర్లు, 107 కిలోలు. డీజిల్ ఎక్కువే తాగింది. కానీ మోసింది ఏడు టన్నులు, అంటే టన్నుకు 15 కిలోలే.

పోయేటప్పటి లెక్క మాత్రమే చూపించి 'మాది తక్కువే' అనేవాళ్లున్నారు. రాసిచ్చినంత మాత్రాన తిరుగు దారిలో కాలిన డీజిల్ మళ్లీ ట్యాంకులోకి రాదు. రెండో సంగతి: తిరుగు లోడు దొరికిందని సంబరపడే ముందు, ఆ మూడు టన్నులకు రావాల్సిన ఇంకో బండి నిజంగా ఆగిందా లేదా చూసుకోవాలి. ఆ బండి కూడా రోడ్డెక్కి ఉంటే మనం తగ్గించింది లేదు, కిరాయి సంపాదించామంతే. తిరుగు లోడు కోసం నలభై కిలోమీటర్లు పక్కకు పోయేవాళ్లు ఆ నలభై కూడా రాసుకోవాలి.

మా వైపు ఇంకో చిక్కుంది. కరువు సంవత్సరాల్లో శెనక్కాయ ఉండదు, లారీలు ఊర్లో నిలబడి ఉంటాయి, కిరాయిలు పడిపోతాయి. కాయ బాగా పండిన ఏడు ఇటు వైపు లారీ దొరకదు. తిరుగు లోడు ఒప్పందం ఒక్క సీజన్ చూసి రాసుకుంటే రెండో సీజన్‌లో నిలబడదు. అన్నట్టు, కాయల మూటలు దించిన బండిలో ఆ దుమ్ము మీదనే బేరింగుల పెట్టెలు పెట్టొద్దు. ఊడ్చి, గుడ్డ పెట్టి తుడిచి, అప్పుడు పెట్టండి. రిజెక్టయిన పెట్టెకు వెనక్కి ఒకటి, మళ్లీ ముందుకు ఒకటి, రెండు ప్రయాణాలు అదనం.

3. నలుగురి దగ్గర నాలుగు బండ్లు బయల్దేరే కంటే ఒకే బండి నాలుగు గేట్లు తిరగడం మేలు.

దీన్ని ఫ్యాక్టరీల్లో మిల్క్ రన్ అంటారు. కర్ణాటకలో బిడది దగ్గర 1999లో ఉత్పత్తి మొదలుపెట్టిన టొయోటా కిర్లోస్కర్ ఈ పద్ధతికి బాగా పేరుపడింది. వాళ్ల విడిభాగాలు మోసే ట్రాన్‌సిస్టమ్ అనే సంస్థ కూడా, టీసీఐ రవాణా కంపెనీ, జపాన్ మిత్సుయి కంపెనీ కలిసి, అదే ఏడు మొదలుపెట్టినదే. సరుకు చేసేవాడు బండి పంపడు, కొనేవాడే బండి పంపి గేటు గేటుకూ తిప్పి తెచ్చుకుంటాడు. ఎవరి గేటుకు ఎన్ని గంటలకు వస్తుందో ముందే రాసి ఉంటుంది.

దీని వెనక గణితం కూడా పాతదే. 1964లో క్లార్క్, రైట్ అని ఇద్దరు ఒక సులువైన లెక్క చెప్పారు. ఫ్యాక్టరీ నుంచి మొదటి చోటు 40 కిలోమీటర్లు, రెండో చోటు 45, ఆ రెండింటి మధ్య 10 అనుకోండి. విడివిడిగా పోయి వస్తే 80, 90 కలిపి 170. ఒకే చుట్టులో అయితే 40, 10, 45 కలిపి 95. మిగిలింది 75. కాగితం మీద ప్రతి జంటకూ ఈ మిగులు వేసి, పెద్దది ముందు కలపడం, బండి నిండేదాకా అట్లా కలుపుకుంటూ పోవడం. కంప్యూటర్లు ఇప్పుడు ఇంకా బాగా చేస్తాయి. అయినా ఒకసారి చేత్తో వేసి చూడమంటాను, అప్పుడే కంప్యూటర్ ఇచ్చిన జవాబులో తేడా ఉంటే కనిపెట్టగలరు.

హిందూపురం, తూముకుంట, గొల్లాపురం, ఎర్రమంచి చుట్టు మ్యాపు మీద చూడ్డానికి చక్కగా ఉంటుంది. కింద నేల మీద దాన్ని పాడు చేసేది దూరం కాదు, సరుకు సిద్ధంగా పెట్టని ఒక్క గేటు. అక్కడ గంట ఆగితే తర్వాతి ముగ్గురికీ గంట ఆలస్యం. వాళ్లు ఓపిక పట్టలేక సొంత బండి పంపేస్తారు, ఆ రోజుతో మిల్క్ రన్ పేరుకు మాత్రమే మిగులుతుంది. అందుకని ఎవరిని చుట్టులో కలపాలో దూరం చూసి నిర్ణయించొద్దు, మాట మీద నిలబడేవాళ్లెవరో చూసి నిర్ణయించండి. నేనైతే పది కిలోమీటర్లు ఎక్కువైనా టైముకు పెట్టె గేటు దగ్గర పెట్టేవాణ్ణే కలుపుతాను.

కాగితాలు మరవొద్దు. యాభై వేల రూపాయల విలువ దాటిన ప్రతి సరుకుకూ విడిగా ఈ-వే బిల్లు ఉండాలి. ఒకే బండిలో నలుగురి సరుకు ఉంటే వాటన్నిటినీ కలిపి కన్సాలిడేటెడ్ ఈ-వే బిల్లు తీసుకోవచ్చు. జీఎస్‌టీ వచ్చాక 2017లో పన్నుల చెక్‌పోస్టులు పోయాయి, కానీ కొడికొండ దాటి కర్ణాటకలో అడుగుపెట్టే చుట్టుకు ఎక్కడైనా ఆపి అడగొచ్చు. ఒక్క బిల్లు తప్పయితే నాలుగు కంపెనీల సరుకు రోడ్డు పక్కన నిలబడుతుంది.

4. ఖాళీ పెట్టెలు కూడా ప్రయాణం చేస్తాయి.

అట్టపెట్టె వాడి పారేస్తే చెత్త. ఇనుప ట్రాలీలో పంపితే చెత్త లేదు, కానీ ఆ ఖాళీ ట్రాలీ నిండు ట్రాలీ అంత చోటూ ఆక్రమించుకుని వెనక్కి రావాలి. మడిచే ప్లాస్టిక్ క్రేట్లయితే ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక మూలన పెట్టొచ్చు, మిగతా బండి తిరుగు లోడుకు దొరుకుతుంది. ఖరీదు ఎక్కువని మేనేజర్లు వెనకాడతారు. క్రేటు ధరను ఒక ట్రిప్పుతో పోల్చకండి, అది విరిగేదాకా చేసే ట్రిప్పులన్నిటితో పోల్చండి. క్రేటు మీద నంబరు పెయింటుతో రాయండి. రాయకపోతే అవి మన వైపు ఇళ్లలో నీళ్ల తొట్లయి కూర్చుంటాయి, ఆ సంగతి అందరికీ తెలిసిందే.

ఫోము, బంపర్లు బండిని నింపేస్తాయి, కానీ బరువు తూగవు. ఇనుప సామాను ఒక అడుగు ఎత్తుకే బరువు పరిమితి ముట్టుకుంటుంది, పైనంతా ఖాళీ. ఈ రెండూ ఒకే బండిలో, అడుగున ఇనుము, పైన ఫోము పోతే రెండు బండ్ల పని ఒక దానితో అయిపోతుంది. రెండు వేర్వేరు కంపెనీల యజమానులను ఇందుకు ఒప్పించడం ఉందే, అదే అసలు కష్టం. బండిలో ఎక్కించడం కాదు.

5. మ్యాపు దూరం చూపిస్తుంది, ఎత్తు చూపించదు.

కదిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. బెంగళూరు 900 మీటర్ల పైన. అంటే ఇక్కడి నుంచి అటు పోయే ప్రతి బండీ నాలుగు వందల మీటర్లు ఎక్కాలి. పది టన్నుల బండిని అంత ఎత్తు ఎక్కించడానికే, రోడ్డు మీద దొర్లడానికి పట్టేది కాక, సుమారు 3 లీటర్ల డీజిల్ కావాలి. దిగేటప్పుడు కొంత మిగులుతుంది, కానీ బ్రేకు తొక్కినప్పుడల్లా అది వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అందుకని రెండు వైపులా సరుకున్నప్పుడు బరువైనది దిగేటప్పుడు, తేలికైనది ఎక్కేటప్పుడు పడేట్టు చూడగలిగితే చూడండి. ఎప్పుడూ కుదరదు.

అడ్డదారి విషయం కూడా ఇంతే. ఫోను పన్నెండు కిలోమీటర్లు తక్కువని ఊర్ల మధ్య దారి చూపిస్తుంది. ఆ దారిలో ప్రతి ఊరికీ ముందొకటి వెనకొకటి స్పీడ్ బ్రేకర్, మధ్యలో గొర్రెల మంద, రోడ్డు మీదనే ఆరబోసిన కాయలు. ఆగి మళ్లీ మొదటి గేరులో కదిలే లోడు బండి ఎంత తాగుతుందో ఇంధనం ముల్లు చూసిన డ్రైవరుకు తెలుసు. రెండు దారుల్లోనూ ట్యాంకు నింపి పంపండి, వచ్చాక మళ్లీ నింపి చూడండి. దానికి మించిన మ్యాపు లేదు.

6. గేటు బయట నిలబడ్డ బండిని కూడా లెక్కలో కట్టండి.

పెద్ద లారీ ఇంజను ఆపకుండా నిలబడితే గంటకు రెండు మూడు లీటర్లు పోతుంది. చిన్న బండ్లకు అంతకంటే తక్కువ, కానీ సున్నా కాదు. గేటు దగ్గర వరస పెట్టి, టోకెన్ ఇచ్చి, ఎప్పుడు పిలుస్తామో చెప్పకపోతే డ్రైవరు ఇంజను ఆపడు. పిలిచినప్పుడు కదలకపోతే వరస పోతుందని భయం.

ఇప్పుడు దీనికి ఇంకొకటి తోడైంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలన్నది కేంద్ర నిబంధన. మా వైపు ఎండ తెలిసినవాడెవడూ దీన్ని తప్పుపట్టడు. నేనూ పట్టను. ఏప్రిల్, మే నెలల్లో ఆ రేకు గదిలో కూర్చోవడం ఎట్లా ఉంటుందో కూర్చున్నవాడికే తెలుసు. కానీ ఏసీ నడవాలంటే ఇంజను నడవాలి. 'అన్నా, బయట నీడ చూపించు, ఇప్పుడే ఆపేస్తా' అని ఒక డ్రైవరు నాతో అన్నాడు. అతని మాటలో తప్పేముంది? గేటు దగ్గర రేకులు కాకుండా మంచి కప్పు వేసిన ఒక గది, రెండు ఫ్యాన్లు, కుండలో నీళ్లు, ఒక మరుగుదొడ్డి. వీటికయ్యే ఖర్చు నిలబడ్డ బండ్లు తాగే డీజిల్‌తో పోల్చండి. దానికంటే మంచిది టైము స్లాటు ఇచ్చి దాన్ని నిలబెట్టుకోవడం. పదకొండుకు రమ్మని రెండింటికి దించుకునే గేటు ముందు ఎవరి రూటు ప్లానూ పనిచేయదు.

7. టైరు గాలి చూడండి.

చల్లగా ఉన్నప్పుడు, పొద్దున, బండి కదలకముందే. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, చేసేవాళ్లు తక్కువ అంతే.

8. నిజమైన అర్జెంటుకు ఆర్టీసీ బస్సుంది.

రెండు కిలోల సెన్సర్ పెట్టె కోసం బొలేరో బండి పంపించడం నేను చాలాసార్లు చూశాను. కదిరి డిపో నుంచి హిందూపురానికి, అనంతపురానికి, బెంగళూరుకు బస్సులు ఎట్లాగూ పోతున్నాయి. ఆ బస్సు మన పెట్టె లేకపోయినా పోతుంది, ఉన్నందువల్ల అది అదనంగా తాగే డీజిల్ చెంచాడు కూడా కాదు. కౌంటరులో కార్గో బుక్ చేసి, బస్సు నంబరు అవతలివాళ్లకు పంపిస్తే చాలు. అవతల స్టాండులో తీసుకునే మనిషి ఉండాలి, అదొక్కటే షరతు.

9. రైలు మంచిదే, మన పెట్టెకు కాదు.

పెనుకొండ నుంచి కార్లు రైలెక్కి ఉత్తరాదికి పోతున్నాయి. టన్నుకు, కిలోమీటరుకు చూస్తే లారీ కంటే రైలు వదిలేది చాలా తక్కువ. కదిరికి పాకాల, ధర్మవరం లైనుంది, ఒకప్పటి మీటర్ గేజ్ ఇప్పుడు బ్రాడ్ గేజ్. కానీ రైలు అడిగేది రేక్, అంటే గూడ్సు రైలు మొత్తం నిండే సరుకు, వందల కిలోమీటర్ల దూరం. మన వంద కిలోమీటర్ల చుట్టుకు, నాలుగు టన్నులకు అది పనికిరాదు. రైలు పేరు చెప్పి నివేదికలో ఒక పేజీ నింపేవాళ్లను నమ్మొద్దు.

10. బ్యాటరీ బండి కొనేముందు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో అడగండి.

టాటా ఏస్ బ్యాటరీ బండి 2022లో వచ్చినప్పటి నుంచి మా వైపు కూడా అడుగుతున్నారు. అది కిలోమీటరుకు 0.2 యూనిట్ తింటుందనుకుందాం. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంది. అంటే కిలోమీటరుకు 140 గ్రాములు. లీటరుకు 18 ఇచ్చే డీజిల్ ఏస్‌కు 149 గ్రాములు. బండి దగ్గర పొగ లేదు, నిజమే, శబ్దం కూడా లేదు. కార్బన్ లెక్కలో మాత్రం పెద్ద తేడా లేదు.

తేడా తెచ్చేది ఎండ. కదిరి పక్కనే నంబులపూలకుంటలో సోలార్ పార్కు ఉంది. ఎన్టీపీసీ 250 మెగావాట్లు 2016లోనే మొదలయ్యాయి. వాన రాని నేల అని వదిలేసిన చోట ఇప్పుడు అద్దాలు పరిచారు. మీ షెడ్డు కప్పు మీద ప్యానెళ్లు పెట్టుకుని, బండిని పగలు పదకొండు, మూడు గంటల మధ్య చార్జింగుకు పెట్టగలిగితే అప్పుడు బ్యాటరీ బండి లెక్క పూర్తిగా మారిపోతుంది. అందరూ చేసేది దానికి తిరగబడి ఉంటుంది. పగలంతా తిప్పి రాత్రి ప్లగ్గులో పెడతారు. చేయాల్సింది మాత్రం పొద్దున ఒక చుట్టు, మధ్యాహ్నం చార్జింగు, సాయంత్రం ఒక చుట్టు. రూటును ఎండను బట్టి రాసుకోవాలి. భోజనాల వేళ గేటు దగ్గర సరుకు దించేవాళ్లు ఎట్లాగూ ఉండరు, ఇది బాగా కుదురుతుంది.

11. క్యాలెండరు కూడా మ్యాపే.

ఫాల్గుణంలో స్వామి తేరు రోజు కదిరి ఊర్లోంచి సరుకు బండి తీస్తానన్నవాడిని ఏమనాలి? ముందు రోజే దాటించండి, లేదా ఊరి బయట బండి పెట్టుకోండి. అట్లాగే కరువు నేల అని వాననెప్పుడూ మరవొద్దు. 2021 నవంబరు వానల్లో వంకలు రోడ్ల మీదికి వచ్చి కదిరి చుట్టుపక్కల దారులు తెగాయి. ఏ కాజ్‌వే మీద నీళ్లు పారుతాయో డ్రైవర్లకు తెలుసు, వాళ్లను కూర్చోబెట్టి రెండో దారి ముందే రాసి పెట్టుకోండి. నీళ్లు చూశాక వెనక్కి తిరిగే బండి రెండింతలు తాగుతుంది.

12. రిజిస్టరు ఉంటేనే మాట నిలబడుతుంది.

స్టాకు మార్కెట్లో పెద్దవైన వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇవ్వాలని సెబీ రూలు పెట్టింది. మనం అంత పెద్దవాళ్లం కాదు, కానీ వాళ్లకు సరుకు పంపేవాళ్లం, అందుకే ఆ ప్రశ్నలు కిందికి దిగి మన దాకా వచ్చాయి. సరుకు రవాణాలో ఈ లెక్క ఎట్లా వేయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 14083, అది 2023లో వచ్చింది. ఖాళీగా నడిచిన దూరాన్ని కూడా కలపాలన్నదే దాని మాట కూడా. మీకు కావలసింది ఐదు గడులు: తేదీ, పోసిన లీటర్లు, లోడుతో నడిచిన కిలోమీటర్లు, ఖాళీగా నడిచినవి, కాటా బరువు. డ్రైవరు నోటితో చెప్పింది కాదు, కాటా చీటీ, పంపు బిల్లు చూసి రాయండి. సాఫ్ట్‌వేర్ తర్వాత కొనుక్కోవచ్చు. ఈ ఐదు గడులు లేకుండా సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు అందులో ఊహలు నింపడం నేను చూశాను.

13. బత్తా ఎట్లా ఇస్తే బండి అట్లా నడుస్తుంది.

ట్రిప్పుకింత అని బత్తా ఇస్తే డ్రైవరు ట్రిప్పులు పెంచుతాడు, అది అతని తప్పు కాదు, మీరు కొంటున్నది అదే. రెండు ట్రిప్పుల సరుకు ఒకే బండిలో సర్దిన రోజు అతనికి సగం బత్తా పోతుంది. అప్పుడు మీ ప్లానును అతను ఎందుకు కాపాడాలి? నెలకు నికరంగా జీతం ఇవ్వండి. దాని మీద, ఆ దారిలో మామూలుగా అయ్యే డీజిల్ కంటే మిగిలిన దానిలో మూడో వంతు డ్రైవరుకు, కొంత క్లీనరుకు. ఆ మామూలు ఎంతో మీ మటుకు మీరే రాయకుండా, పాత డ్రైవర్లను కూర్చోబెట్టి వాళ్లతో నడిపించి తేల్చండి. లేకపోతే మిగులు చూపించడానికి న్యూట్రల్‌లో దిగే పని మొదలవుతుంది. లోడు బండిని వాలులో న్యూట్రల్ చేసేవాడికి వాటా కాదు, ఆ రోజు బండి తాళమే ఇవ్వొద్దు. ఇక మిగులు డబ్బు పండగకు ఇస్తామని దాచిపెట్టకండి. అదే నెల జీతంతో, ఎన్ని లీటర్లకు ఎంతో చీటీ రాసి, చేతికివ్వండి.